పడవెక్కిన మాట

ఫ్రెంచి దర్శకుడు జాక్ రివెత్ 1974లో తెచ్చిన సినిమా పేరు తెలుగు లిపిలో సరిగా రాయాలంటే, మనం ఎప్పుడో పక్కన పెట్టేసిన అరసున్నను మళ్లీ పిలుచుకోవాలి: ‘సెలీన్ ఎ జూలీ వోఁతాఁ బాతో’. ముక్కుతో పలికే ఆ అచ్చులకు మన దగ్గర ఇంకే గుర్తూ లేదు. ఇంగ్లీషువాళ్లకు ఈ తంటా లేదు. వాళ్లు దాన్ని ‘సెలీన్ అండ్ జూలీ గో బోటింగ్’ చేసుకున్నారు. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2021 మార్చిలో విడుదల చేసిన డిస్కు అట్ట మీదా ఆ పేరే ఉంటుంది. సెలీన్, జూలీ పడవలో షికారుకు వెళ్తారు. మాటకు మాట పెట్టి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు.

కానీ ఆ పేరు నమ్మి కూర్చున్నవాళ్లకు మూడు గంటలపాటు పడవ జాడే కనబడదు. పారిస్‌లో మోంమార్త్ర్ కొండ మెట్లు కనబడతాయి. లైబ్రరీ, చిన్న నైట్‌క్లబ్బు, తలుపులు మూసిన పాత బంగళా కనబడతాయి. పడవ వచ్చేసరికి సినిమా అయిపోవస్తుంది. మరి రివెత్ ఆ మాటను పేరులోకి ఎందుకు ఎక్కించాడు?

ఫ్రెంచి చెవికి ‘ఆఁ బాతో’ అనగానే నీళ్లతో పాటు ఇంకొకటి వినిపిస్తుంది. ‘మెనే ఆఁ బాతో’ అని వాళ్లకో జాతీయం ఉంది. మనిషిని పడవలో తీసుకెళ్లడమని పైకి అర్థం. మాయమాటలు చెప్పి నమ్మించి తిప్పడమని వాడుక. దాని తోబుట్టువు ‘మోఁతే అఁ బాతో’, అంటే ఎదుటివాడి కోసం ఒక పడవ తయారుచేసి పెట్టడం. కట్టుకథ అల్లి ఒప్పించాడని చెప్పడానికి ఆ మాట వాడతారు. కాబట్టి ఆ పేరు వినగానే పారిస్‌వాడికి ఇద్దరమ్మాయిలు ఏరు మీద షికారుకు వెళ్లడమూ తోస్తుంది, ఏదో కథలో పడి కొట్టుకుపోవడమూ తోస్తుంది. ఇంగ్లీషు పేరు షికారును ఉంచుకుని కథను వదిలేసింది. డిస్కు చేతికొచ్చినవాళ్లకు మొదట అందేది ఆ సగమే.

తెలుగులో మోసపోయేవాణ్ణి పడవ ఎక్కించం, బుట్టలో వేస్తాం. ‘వాడి మాటలకు బుట్టలో పడ్డాడు’ అంటాం. చెవిలో పువ్వు పెడతాం, టోపీ వేస్తాం, నామం పెడతాం, బురిడీ కొట్టిస్తాం. మోసానికి ఇన్ని రంగులున్న భాషలో రివెత్ మాటకు సాటి దొరకడం సులువే అనిపిస్తుంది గానీ కాదు. వీటన్నిటిలోనూ మోసపోయినవాడు నష్టపోతాడు, నవ్వులపాలవుతాడు. రివెత్ పడవలో నష్టం లేదు. ఎక్కినవాళ్లు తెలిసే ఎక్కుతారు. అందుకు దగ్గరగా వచ్చేది మన ‘పడి’ అన్న చిన్న మాట. ‘మాటల్లో పడి టైం చూసుకోలేదు’ అంటాం. అక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఇద్దరూ పడ్డారు, ఇద్దరికీ బాగుంది. కథలో పడటమూ అలాంటిదే. ఇంతకీ పడవకూ పడటానికీ చుట్టరికం లేదు. పడవ తమిళంలో పడగు, కన్నడలో హడగు. ఆ వంశం వేరు, ‘పడు’ వంశం వేరు. ధ్వని ఒకటిగా ఉందని పేగుబంధం కలపకూడదు.

అలా కలిసిపోయే ప్రమాదం ఫ్రెంచి ‘బాతో’కూ ఉంది. అక్కడే ఈ మాట నాకు మరీ ఇష్టమైంది. పడవ అన్న అర్థంలో అది పాత ఇంగ్లీషు ‘బాత్’ నుంచి వచ్చింది. ఇప్పటి ‘బోట్’ కూడా ఆ ఇంటిదే. సముద్రం దాటి ఫ్రెంచిలోకి వెళ్లి, ‘ఎల్’ అన్న తోక తగిలించుకుని ‘బాతెల్’ అయి, చివరికి ‘బాతో’గా స్థిరపడింది. పాత ఫ్రెంచిలో దీనికి దగ్గరగా వినిపించే ‘బాస్తెల్’ అని ఇంకో మాట ఉండేది. అది గారడివాడి సరంజామా, వాడి చేతివాటం. దాని నుంచి ‘బాత్లర్’ పుట్టింది. సంతలో బల్ల పరిచి, గిన్నెల కింద గోళీలు మాయం చేసి చూపించేవాడు బాత్లర్. పడవ అన్న మాటకు ‘నమ్మించడం’ అన్న అర్థం అంటుకోవడానికి కారణం ఏరు కాదు, ఈ గారడివాడే అన్న వాదం ఒకటుంది. రెండు మాటలు ఒకేలా వినబడి, గారడి పడవలోకి ఎక్కిందన్నమాట.

మార్సెయ్ టారో పేకలో వరస అంకె ఒకటి వేసిన ముక్క ఈ బాత్లర్‌దే. బల్ల ముందు నిలబడి, చేతిలో చిన్న కర్రతో ఉంటాడు. రివెత్ సినిమాలో టారో ఉంది. జూలీ పనిచేసే లైబ్రరీలో తోటి ఉద్యోగిని ముక్కలు పరిచి ఆమెకు జోస్యం చెబుతుంది. సెలీన్ వృత్తే ఇంద్రజాలం. మోంమార్త్ర్ క్లబ్బులో మేజిక్ చేసి బతుకుతుంది. ఇక సినిమా మొదలయ్యే తీరు చూడండి. పార్కు బెంచీ మీద జూలీ మంత్రతంత్రాల పుస్తకం చదువుకుంటూ, చెప్పు మొనతో మట్టిలో ఏదో గుర్తు గీస్తుంది. అంతలో ఎదురుగా సెలీన్ హడావిడిగా నడిచిపోతూ నల్లకళ్లద్దాలు పారేసుకుంటుంది, తర్వాత మెడకు చుట్టుకున్న గుడ్డ పారేసుకుంటుంది. జూలీ ఆ వస్తువులు ఏరుకుంటూ వెంట పడుతుంది. కుందేలు వెంట పరుగెత్తిన ఆలిస్ గుర్తుకు రాకమానదు. బాతో అన్న మాటలోని గారడివాడు ఈ సినిమాలో ఇలా అడుగడుక్కీ తగులుతుంటే, రివెత్ ఆ మాటను ఊరికే ఎంచుకున్నాడని నేననుకోలేను.

‘మోఁతే అఁ బాతో’లోని ‘మోఁతే’ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కించడం, అమర్చడం, ముక్కలు చేర్చి నిలబెట్టడం దాని అర్థాలు. దానికి నామవాచకం ‘మోఁతాజ్’. మన సినిమావాళ్లు ‘మాంటేజ్ సాంగ్’ అంటారే, ఆ మాంటేజ్. ఫ్రెంచిలో ఎడిటింగ్‌కు అదే పేరు. అంటే అబద్ధపు పడవ నిలబెట్టడానికీ సినిమా కూర్చడానికీ వాళ్లకు క్రియ ఒక్కటే. తెలుగు టైటిల్స్‌లో ఎడిటర్ పేరు పక్కన ‘కూర్పు’ అని వేసేవారు. చక్కటి మాట, నాకు ఇప్పటికీ అదే నచ్చుతుంది. అయితే ‘మోఁతే’కి ఉన్న మోసపు వాసన కూర్పుకు లేదు. ఆ వాసన ఉన్న మాట మన దగ్గర ఇంకొకటుంది. అది ‘కట్టు’.

పాట కడతాం, బాణీ కడతాం, ఇల్లు కడతాం. చెక్కలు చేర్చి పడవ కడతాం, పని అయ్యాక ఒడ్డున గుంజకు అదే పడవను కట్టేస్తాం. తయారుచేయడమూ కట్టడమే, కదలకుండా చేయడమూ కట్టడమే. లేనిది అల్లితే కట్టుకథ. పాత్రలోకి దిగితే వేషం కట్టడం. కన్ను కట్టేస్తే కనికట్టు. గారడి అన్న మాట గరుడవిద్య నుంచి, అంటే పాము విషం దించే మంత్రం నుంచి వచ్చింది గానీ, కనికట్టు అచ్చంగా మన ఇంట్లో పుట్టింది. ఎదురుగా ఏముందో దాన్ని చూడనివ్వకుండా, లేనిదాన్ని చూసేలా కళ్లను కట్టేయడం. ఆట బాగుంటే జనాన్ని కట్టిపడేశాడని మెచ్చుకుంటాం కూడా. ఇంద్రజాలికురాలు, అబద్ధాల కథలు, నర్సు వేషం, కదలలేని ప్రేక్షకులు అన్నీ ఉన్న ఈ సినిమాకు తెలుగులో ఒకే ఒక్క క్రియ కావాలంటే నేను ‘కట్టు’ వైపే మొగ్గుతాను.

తలుపులు మూసిన ఆ పాత బంగళా సంగతి చెప్పాలి. దాని చిరునామా ‘7 బిస్, రూ ద్యు నదీర్-ఓ-పొమ్’. పారిస్ పటంలో అలాంటి వీధి లేదు. పొమ్ అంటే ఆపిల్ పళ్లు. నదీర్ ఖగోళశాస్త్రపు మాట. నడినెత్తికి సరిగ్గా ఎదురుగా, కాళ్ల కింద ఉండే బిందువు. అరబ్బీ ‘నజీర్’ నుంచి యూరపు భాషలకు వెళ్లింది. ఎదురుగా ఉన్నది, సాటి వచ్చేది అని దానికి అర్థం. హైదరాబాదు ఉర్దూలో సాటిలేనిదాన్ని బేనజీర్ అంటారు, ఆ నజీరే ఇది. పైనున్న ప్రపంచానికి ఎదురుగా, తలకిందులుగా ఉండే ఇల్లని ఆ వీధి పేరే చెబుతోంది.

లోపల ఏళ్ల తరబడి ఒకే రోజు నడుస్తూ ఉంటుంది. ఒలివియే అనే భార్య పోయిన మనిషి, అతని చిన్న కూతురు మద్లీన్, అతన్ని పెళ్లాడాలని చూసే ఇద్దరు ఆడవాళ్లు కమీయ్, సోఫీ. పాప బతికున్నంతవరకూ మళ్లీ పెళ్లి చేసుకోనని అతను చనిపోయే భార్యకు మాటిచ్చాడు. అందువల్ల ప్రతి రోజూ ఆ ఇంట్లో పాప చనిపోతుంది. సెలీన్ ఒకసారి, జూలీ ఒకసారి ఆ ఇంట్లోకి వెళ్తారు. వెళ్లినవాళ్లు అక్కడ మిస్ ఆంజెల్ అనే నర్సు అయిపోతారు. బయటికి వచ్చేసరికి ఒళ్లు తూలుతూ ఉంటుంది, లోపల జరిగింది గుర్తుండదు. నోట్లో మాత్రం ఒక చప్పరింపు బిళ్ల మిగిలి ఉంటుంది. దాన్ని మళ్లీ నాలుక మీద పెట్టుకుంటే ఆ రోజు తునకలు తునకలుగా కళ్ల ముందుకొస్తుంది.

ఆ బిళ్లను ఫ్రెంచివాళ్లు ‘బోఁబోఁ’ అంటారు. ‘బోఁ’ అంటే మంచిది. రెండుసార్లు అంటే ‘మంచిమంచిది’. పిల్లల మాట. పిల్లల భాషకు ఏ దేశంలోనైనా ఒకే మాటను రెండుసార్లు అనడం ఇష్టం, మన జేజే లాగే. అర్థానికి మన తాయిలం సరిపోతుంది గానీ తాయిలంలో ఆ జంట లేదు. ఆ జంట మనకు ఇంకో చోట, కథ మొదట్లో దొరుకుతుంది. ‘అనగా’ను ఇంకోసారి అంటే ‘అనగనగా’. రెండోసారి వచ్చిన దాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారు. ‘చెప్పగా చెప్పగా’ అన్నట్టు, ఎవరో ఇదివరకే చెప్పారనీ, మళ్లీ చెబుతున్నామనీ ఆ ఒక్క మాటలోనే ఉంది. రివెత్ సినిమా తెర మీద మొట్టమొదట కనబడే రాత కూడా ఆ బాపతుదే. ‘చాలాసార్లు ఇలాగే మొదలయ్యేది’ అని దాని భావం. ఒకసారి జరిగిందని కాదు, జరుగుతూ ఉండేదని. తర్వాత మధ్యమధ్యలో ‘కానీ మర్నాడు పొద్దున’ అని అక్షరాలు పడుతుంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య అవే కట్లు.

బిళ్ల చప్పరించే సన్నివేశం ఒక్కటి దగ్గర నుంచి చూద్దాం. సెలీన్, జూలీ పక్కపక్కన కూర్చుని మన వైపు చూస్తారు. బిళ్ల నోట్లో వేసుకుంటారు. వెంటనే ఆ ఇల్లు. నీలం గౌనులో ఒకామె మెట్లు దిగుతుంది. కట్. పగిలిన గాజుగ్లాసు, గాయమైన చెయ్యి. కట్. మళ్లీ వీళ్లిద్దరి మొహాలు, దవడలు కదులుతూ. ఒకరు పకపకా నవ్వుతారు, ఇంకొకరు ‘ఉండు, ఇప్పుడు చూడు’ అన్నట్టు మోచేత్తో పొడుస్తారు. మళ్లీ మెట్లు, ఈసారి ఇంకో కోణం నుంచి, నర్సు వేషంలో సెలీన్ బదులు జూలీ. ముందు చూసిన ముక్క తర్వాతది అవుతుంది, తర్వాతది ముందుకొస్తుంది. వరస కుదుర్చుకునే పని ఆ అమ్మాయిలదీ, వాళ్లతో పాటు మనదీ. ఎడిటర్ నికోల్ లుబ్చాన్‌స్కీ చేతిపని అంతా ఇక్కడ బయటపడుతుంది. నెత్తుటి చెయ్యి కనబడినప్పుడు, అంతకు చాలాముందు లైబ్రరీలో సెలీన్ పిల్లల పుస్తకం పేజీ మీద చెయ్యి పెట్టి ఎర్రరంగుతో చుట్టూ గీసిన బొమ్మ గుర్తుకొచ్చి ఒళ్లు ఝల్లుమంటుంది. సినిమా చూసేవాళ్లను ఇంత ప్రేమగా తెర మీద చూపించిన సన్నివేశం నాకు ఇంకొకటి తెలియదు.

మన పల్లెల్లో కథ చెప్పేవాళ్లు ‘ఊ కొట్టకపోతే చెప్పను’ అనేవారు. ఊ కొట్టడమంటే ఊరికే తలూపడం కాదు, కథ బండిని తోయడం. సెలీన్, జూలీ చేసేది అదే. మొదట ఊ కొడతారు. తర్వాత ఇదేం కథ అని విసుక్కుంటారు. చివరికి లోపలికి వెళ్లి, కథను దాని దారి తప్పిస్తారు.

సినిమా ఇంటికొచ్చాక, ముక్కల వరస కుదుర్చుకునే పని చూసేవాళ్ల చేతికీ వచ్చింది. 1974లో థియేటర్లో చూసినవాడికి నీలం గౌను ఎన్నోసారి మెట్లు దిగిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలు లేదు. టేపు, డీవీడీ, బ్లూరే ఆ వీలిచ్చాయి. బ్రిటన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ముందే డిస్కు తెచ్చింది. క్రైటీరియన్‌ది రెండు డిస్కుల కూర్పు. 2కెలో పునరుద్ధరించిన చిత్రం, ఏడ్రియన్ మార్టిన్ వ్యాఖ్యానం, రివెత్ మీద క్లేర్ దెనీ తీసిన డాక్యుమెంటరీ అందులో ఉన్నాయి. ఈ సినిమాను 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఆ ఫిల్ముకుండే రవ్వరవ్వను నున్నగా తుడిచేయకుండా ఉంచారు. ఎండలో మోంమార్త్ర్ మెట్లు కాస్త గరుకుగా ఉంటేనే, ఆ చీకటి ఇంట్లోని నిగారింపు వింతగా తోస్తుంది. ఇక్కడా ఒక కట్టు ఉంది. బ్లూరేలకు దేశాలను బట్టి ప్రాంతాలు కట్టారు. అమెరికాది ఏ, బ్రిటన్‌ది బీ, మనది సీ. తెప్పించుకున్న డిస్కు ఇక్కడి మామూలు ప్లేయర్‌లో తిరగకపోవచ్చు. ఇంత ఆనందాన్ని దేశాల సరిహద్దులకు కట్టేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఇంటి లోపలి కథకు మూలం హెన్రీ జేమ్స్. పాత బట్టల మీద అతను రాసిన ఒక కథా, ‘ది అదర్ హౌస్’ అన్న 1896 నవలా కలిశాయి. జేమ్స్‌ను తీసుకొచ్చినది రచనలో పాలుపంచుకున్న ఎదువార్దో దె గ్రెగోరియో. మిగతా కథను సెలీన్ వేసిన జూలియెత్ బెర్తో, జూలీ వేసిన డొమినిక్ లబూర్యే కబుర్లాడుకుంటూ అల్లారు. రచయితల పేర్లలో నటీమణుల పేర్లూ ఉంటాయి. జేమ్స్ నవలలోనూ భార్యకు మాటిచ్చిన తండ్రి ఉన్నాడు, అతన్ని కోరుకున్న ఆడది ఉంది, మధ్యలో పాప ఉంది. ఆ నవలలో పాపను నీళ్లలో ముంచి చంపేస్తారు. ఈ సంగతి తెలిశాక ‘బాతో’ అన్న మాట నాకు మూడోసారి అర్థమైంది. మన భాషలో నమ్మించి దగా చేయడాన్ని ముంచడం అంటాం. ‘నిండా ముంచాడు’ అంటాం. కష్టం నుంచి తప్పించడాన్ని గట్టెక్కించడం అంటాం. రెండూ ఏటి మాటలే. జేమ్స్ ముంచిన పాపను ఈ అమ్మాయిలు గట్టెక్కించారు.

గట్టెక్కించిన తీరు అబ్బురం. ఇద్దరూ కలిసి ఒకే నర్సు వేషం కట్టి లోపలికి వెళ్తారు. లోపల ఉన్నవాళ్ల మొహాలు అప్పటికి పాలిపోయి, శవాలకు పౌడరు రాసినట్టుంటాయి. వాళ్ల మాటలు వాళ్లు అప్పజెబుతూనే ఉంటారు. వీళ్లు మాత్రం తమ వంతు మాటలు మర్చిపోతారు, ఒకరి వంతు ఒకరు లాక్కుంటారు, గదుల్లో గంతులేస్తారు. కట్టుకథలో ఇరుక్కున్నవాళ్లకు కథ తప్పినా తెలియదు. ఆ సందడిలో పాపను తీసుకుని బయటపడతారు. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని మనం కథనూ ఇంటినీ విడదీసి లేస్తాం. ఇక్కడ ఆ హద్దు చెరిగిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే మద్లీన్ జూలీ ఇంట్లో నిజంగానే ఉంటుంది.

అప్పుడు వస్తుంది పడవ. సెలీన్, జూలీ, పాప ముగ్గురూ ఏటి మీద వెళ్తుంటారు. ఎదురుగా ఇంకో పడవలో ఒలివియే, కమీయ్, సోఫీ బొమ్మల్లా బిగుసుకుని, తెడ్డు వేయకుండానే జారుతూ పోతారు. ఎవరు ఎవర్ని పడవెక్కించారో ఆ రెండు పడవలు పక్కపక్కన దాటిపోయినప్పుడు చూపు తిప్పుకోకుండా చూడాలి. తర్వాత మళ్లీ పార్కు. ఈసారి బెంచీ మీద సెలీన్. హడావిడిగా నడిచిపోతూ వస్తువు పారేసుకునేది జూలీ.

ఈ సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు ఎవరైనా పూనుకుంటే వాళ్లకు నాదొక మనవి. మొదటి రాత దగ్గర ధైర్యంగా ‘అనగనగా’ అని పెట్టండి. ‘మర్నాడు పొద్దున’ను ప్రతిసారీ అవే అక్షరాలతో, ఒక్క మాటా మార్చకుండా రాయండి. పేరులో పడవను పడవగానే ఉంచి, పడటాన్ని మాత్రం సంభాషణల్లో ఎక్కడో ఒకచోట వినిపించండి. చివర్లో మాత్రం కథను కంచికి పంపకండి. సెలీన్ అప్పటికే బెంచీ మీది నుంచి లేచి జూలీ వెంట పరుగు మొదలుపెట్టింది.